క్యాసినో రివార్డ్ కార్డు: ఆట తెలిసినవాళ్ళకి ఆదాయమా, గాలమా?

నైట్‌షిఫ్ట్:
వారం రోజులుగా మా స్నేహితుడితో ఇదే గొడవ. జూదమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు బతికేది, ఆడిన కొద్దీ క్యాసినో కార్డు మీద పడే రివార్డ్ పాయింట్ల మీదే అంటాడు వాడు. ఉచిత గది, భోజనం, క్యాష్‌బ్యాక్ అన్నీ మనం ఓడిన డబ్బులోంచే కదా ఇచ్చేది? లాభం ఎక్కడిది? తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కలరాణి:
మీరన్నది సగమే నిజం. టేబుల్ ఆటల్లో క్యాసినో చూసేది మీరు నిజంగా ఎంత పోగొట్టుకున్నారని కాదు, ఎంత పోగొట్టుకోవాలో తను వేసుకున్న అంచనా. సగటు పందెం, గంటకి ఎన్ని ఆటలు, ఎన్ని గంటలు, ఆ ఆటలో క్యాసినోకి మిగిలే శాతం. ఈ నాలుగూ గుణిస్తే అంచనా వస్తుంది. దానికీ నిజానికీ మధ్య ఉన్న సందులోనే ప్రొఫెషనల్ దూరతాడు.

బ్లాక్‌జాక్ అనే పేకాటలో మీ పందెం 100, గంటకి 70 ఆటలు, 4 గంటలు అని క్యాసినోవాళ్ళు రాసుకున్నారనుకోండి. 1 శాతం చొప్పున అంచనా నష్టం 280. అందులో 30 శాతం వెనక్కి ఇస్తే 84. నియమాలు బాగున్న టేబుల్లో బేసిక్ స్ట్రాటజీ, అంటే ఏ ముక్కలకి ఏం చెయ్యాలో చెప్పే పట్టిక, తప్పకుండా ఆడేవాడికి నష్టం అర శాతమే, అంటే 140. వాడు జనం నిండిన టేబులే వెతుక్కుంటాడు. గంటకి 50 ఆటలే పడతాయి, నష్టం 100కి దిగుతుంది. ఫోన్ వచ్చిందనో కాళ్ళు పట్టేశాయనో గంటకి ఎనిమిది ఆటలు వదిలేస్తే 84. పోయేదీ వచ్చేదీ సమానం. కుర్చీ వాడిదే, గంటలు లెక్కలో పడుతూనే ఉంటాయి.

పాతకాపు:
రాణి గారూ, లెక్కలో తప్పు లేదు. కానీ ఆ 84 గది రూపంలోనో భోజనం రూపంలోనో వస్తుంది, జేబులోకి రాదు.

నేను మూడేళ్ళు వీడియో పోకర్, అదే మెషీన్ మీద పేకాట, ఆడాను. అందులో జాక్స్ ఆర్ బెటర్ అనే రకంలో, ఫుల్ హౌస్, ఫ్లష్ అనే గెలుపు ముక్కల వరసలకి పందానికి 9 రెట్లు, 6 రెట్లు ఇచ్చే మెషీన్ తప్పు లేకుండా ఆడితే 99.54 శాతం తిరిగిస్తుంది. పందేల్లో మొత్తం పదివేలు తిప్పితే పోయేది 46. కార్డు మీద పావు శాతం ఇస్తే 25 వస్తుంది, మూడు రెట్ల పాయింట్ల రోజున 75. అంటే 29 లాభం. కాగితం మీద చక్కగా ఉంది. కానీ ఆ 99.54లో దాదాపు 2 శాతం అన్నిటికన్నా పెద్ద వరస రాయల్ ఫ్లష్ ఒక్కదానిదే. అది సగటున 40 వేల ఆటలకి ఒకసారి పడుతుంది. గంటకి 600 ఆడినా 67 గంటలు. ఒకసారి రెండు నెలలు దాని ముఖమే చూడలేదు. ఇంకోపక్క ఆట తగ్గితే కార్డు హోదా తగ్గిపోతుందని టెన్షన్. ఆ టెన్షన్‌తోనే మామూలు రోజుల్లో కూడా వెళ్ళి కూర్చున్నాను. సంపాదించినదంతా అక్కడే పోయింది.

లెక్కలరాణి:
అయ్యో, హోదా కోసం ఆడటం మొదలైందంటే ఇక అది వృత్తి కాదండీ. కానీ పద్ధతిని తప్పుపట్టకండి. 2011లో డాన్ జాన్సన్ అనే బ్లాక్‌జాక్ ఆటగాడు అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో వెలుగులోకి వచ్చాడు. పాయింట్లు పోగేసుకోలేదు, ఆడకముందే బేరం పెట్టాడు. పెద్ద మొత్తం ఓడితే నష్టంలో 20 శాతం తగ్గించాలన్నాడు, బ్లాక్‌జాక్ నియమాలు తనకి అనుకూలంగా మార్పించుకున్నాడు. కొద్ది నెలల్లో మూడు క్యాసినోల నుంచి సుమారు కోటీ 50 లక్షల డాలర్లు గెలిచాడు.

పాతకాపు:
ఒక్కో ఆటకి వేల డాలర్లు పెట్టేవాడితో క్యాసినో బేరానికి కూర్చుంటుంది. మనకి దొరికేది కార్డు వెనకాల అచ్చేసిన నియమాలే.

మూడోకుర్చీ:
బ్లాక్‌జాక్‌లో పడిపోయిన ముక్కలు లెక్కపెట్టి ఆడేవాళ్ళు చాలామంది అసలు రివార్డ్ కార్డే క్యాసినోకి చూపించరు. పందెం ఎప్పుడు పెంచారో, ఎంత గెలిచారో అన్నీ పేరు మీద నమోదవుతాయి కదా. వాళ్ళకి ఉచిత భోజనం కన్నా ఎవరి కంటా పడకుండా ఆడగలగడమే ముఖ్యం.

నైట్‌షిఫ్ట్:
అందరికీ థ్యాంక్స్. వాడు ఆడే మెషీన్ కూడా జాక్స్ ఆర్ బెటరే. తెర ఫోటో పంపమంటే ఇప్పుడే పంపాడు. ఫుల్ హౌస్‌కి 8, ఫ్లష్‌కి 5 అని ఉంది.

పాతకాపు:
అది 97.3 శాతం మెషీన్ బాబూ. పదివేలకి 270 పోతుంది. మూడు రెట్ల రోజున కూడా కార్డు ఇచ్చేది 75. ఈ రాత్రే చెప్పు వాడికి.