‘పరిశుద్ధపరచబడు గాక’: దేవుడి పేరు మాసిపోయిందా?

సండే స్కూల్ టీచర్ (ప్రశ్న):
గ్రూపు పెద్దలకు నమస్కారం. మొన్న ఆదివారం పిల్లలతో ప్రభువు ప్రార్థన వల్లె వేయిస్తున్నాను. "నీ నామము పరిశుద్ధపరచబడు గాక" దగ్గరికి రాగానే రెండో తరగతి పిల్లాడొకడు లేచి, "టీచర్, దేవుడి పేరు మాసిపోయిందా? ఎందుకు శుద్ధి చెయ్యడం?" అన్నాడు. అందరూ నవ్వారు. "దేవుడు ఎప్పుడూ శుద్ధుడే నాన్నా, కూర్చో" అని దాటేశాను గానీ, ఇంటికొచ్చాక వాడడిగింది న్యాయమే అనిపించింది. శుభ్రపరచడమంటే శుభ్రంగా లేనిదాన్ని చెయ్యడమే కదా. చిన్నప్పటి నుంచి రోజూ చెప్పుకునే మాటకి అర్థం ఏడేళ్ల పిల్లాడికి చెప్పలేకపోయాను. మతం మంచిచెడ్డల చర్చ వద్దు, మాట సంగతి చెప్పండి చాలు.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అమ్మా, ముందు నా గోడు వినాలి. ఆ మాటలో ద కింద ధ వత్తు రావాలి. మా ఊరి ప్రార్థన మందిరం ప్రహరీ మీద ‘పరిశుద్ధ’ అనే మాట మూడు చోట్ల, మూడు రకాలుగా రాసి ఉంది. దేవుడు క్షమిస్తాడేమో గానీ నేను మాత్రం అటు వెళ్లినప్పుడల్లా తల తిప్పుకుంటాను.

ఇక విషయం. శుధ్ ధాతువు, శుద్ధం అంటే కడిగినది, మలినం పోయినది. ‘పరి’ చేరితే అన్నివైపులా, పూర్తిగా అని. కాబట్టి మీ వాడు విన్నమాటని విన్నట్టే అర్థం చేసుకున్నాడు, తప్పు లేదు. అయితే తెలుగులో శుద్ధ అన్న మాటకి ఇంకో వాడుక ఉంది చూడండి. శుద్ధ అబద్ధం, శుద్ధ దండగ, శుద్ధ మొద్దు అంటాం. అక్కడ కడగడం ఏముంది? వేరేది ఏదీ కలవనిది అని. అబద్ధంలో నిజం చుక్కైనా లేదని. దేవుడి విషయంలో ఈ రెండో అర్థమే దగ్గరేమో అని నా అనుమానం.

వేదాంత కళాశాల విద్యార్థి:
మాస్టారూ, మీ ‘శుద్ధ దండగ’ రేపు మా క్లాసులో చెప్తాను, అనుమతి ఇవ్వాలి.

పాత నిబంధన భాష హీబ్రూలో ‘పరిశుద్ధ’కి మాట కాదోష్. శుభ్రతకి వేరే మాట ఉంది, తాహోర్. లేవీయకాండం 10:10లో ఈ రెండూ పక్కపక్కనే, దేని వ్యతిరేకపదంతో అది, వేర్వేరు జంటలుగా వస్తాయి. తాహోర్‌కి ఎదురుగా ఉండేది అపవిత్రం. కాదోష్‌కి ఎదురుగా ఉండేది మురికి కాదు, మామూలుది, అందరి వాడుకలో ఉండేది. బైబిల్లో ఈ ధాతువు మొట్టమొదట కనబడేది ఆదికాండం 2:3లో, "దేవుడు ఆ యేడవ దినమును ఆశీర్వదించి పరిశుద్ధపరచెను" అని. రోజుని ఎవరు కడుగుతారు? ఆరు రోజుల వరసలోంచి ఒకదాన్ని తీసి తనదిగా పెట్టుకున్నాడు, అంతే.

ఇంకా దగ్గరగా చూడాలంటే మన తెలుగు బైబిల్లోనే ఒక తమాషా ఉంది. నిర్గమకాండం 28:36లో ప్రధాన యాజకుడి పాగాకి కట్టే మేలిమి బంగారు రేకు మీద చెక్కే అక్షరాలు హీబ్రూలో రెండే మాటలు: కోదెష్ లఅదోనాయ్ అని చదువుతారు. కోదెష్ కూడా కాదోష్ ధాతువుదే. తెలుగులో "యెహోవా పరిశుద్ధుడు" అని పెట్టారు. జెకర్యా 14:20లో గుర్రాల కళ్లేల మీద రాసేది కూడా సరిగ్గా ఆ రెండు మాటలే. అక్కడ మాత్రం "యెహోవాకు ప్రతిష్టితము" అన్నారు. మొదటిది దేవుడి గుణం చెప్పే వాక్యమైపోయింది, రెండోది ఆ వస్తువు ఎవరిదో చెప్పే ముద్రగా నిలిచింది. నన్నడిగితే రెండోదే గురి కుదిరిన అనువాదం. గుర్రం కళ్లెం మీద "దేవుడు శుభ్రుడు" అని రాయడంలో అర్థం లేదు, "ఇది దేవుడిది" అంటే ఉంది.

వరంగల్ నుంచి:
టీచరమ్మా, మేము కథోలికులం. మా ప్రార్థనల ఈ తిప్పలే లేదు. "మీ నామము పూజింపబడునుగాక" అని చదువుతం. ‘నీ’ కూడా కాదు, ‘మీ’. మా బాపు చర్చిల చెప్పినా పొలంకాడ చెప్పినా గట్లనే చెప్పేటోడు. మీరు పరిశుద్ధాత్మ అంటరు, మేము పవిత్రాత్మ అంటం. కానీ మరియమ్మ జపంల మాత్రం "పరిశుద్ధ మరియమ్మా" అనే ఉంటది, గది ఎందుకో మరి.

విద్యార్థి:
అన్నా, ‘పూజింపబడు’ పలికితే ఎంత హాయిగా ఉందో! మీరు ఆదివారం పూజకి వెళ్తారు, మేము ఆరాధనకి వెళ్తాం. ‘పూజ’ అంటే మా వాళ్లు ఉలిక్కిపడతారు కాబట్టి ఆ మాట మా ప్రార్థనలోకి వచ్చే దారి లేదు. కాకపోతే పూజ మనం చేసేది. ‘పరిశుద్ధపరచబడు’లో ఎవరు చేస్తారన్నది తెరిచే ఉంది. ఈ ప్రార్థన ఉన్న కొత్త నిబంధన గ్రీకు మూలంలోనూ అంతే, కర్త చెప్పని వాక్యం.

హైదరాబాద్ నుంచి:
ఇంత తిరగడం ఎందుకండీ, మనకి ‘మడి’ ఉందిగా. మా అమ్మమ్మ మడిబట్ట దండెం మీద ఎత్తుగా ఆరేసి, మేము అటు పోతే కర్ర చూపించేది. మాకు అది శుభ్రమైన బట్టగా కాదు, ముట్టుకోకూడని బట్టగా తెలుసు. కాదోష్ అంటే అదే కదా?

గుంటూరు జిల్లా నుంచి:
అన్నగారూ, మీ అమ్మమ్మ గారి మీద నాకే కోపమూ లేదు. కానీ ఆ కర్రకి అవతలివైపు ఉన్నవాళ్లం మేము. మా తాత టీ తాగిన హోటల్లో ఆయన గ్లాసు వేరే ఉండేది, తాగి తనే కడిగి గూట్లో పెట్టాలి. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లం. ‘మడిగల దేవుడు’ అని ఎవరైనా అనువాదం చేసుంటే మా తాత గుడి మెట్టు ఎక్కేవాడు కాదు. ప్రసంగాల్లో "పరిశుద్ధత అంటే ప్రత్యేకింపబడుట" అని చెప్తారు చూడండి, అది విన్నా నాకు ముందు గుర్తొచ్చేది ఆ గ్లాసే.

ఇంకోటి. మడి ముట్టుకుంటే పోతుంది. యెషయా 6లో ఆ ప్రవక్తకి దేవుడు దర్శనంలో కనబడతాడు, అక్కడి నడక దీనికి ఎదురు. "అపవిత్రమైన పెదవులు గలవాడను" అని ఆయన వణికిపోతుంటే, బలిపీఠం మీది నిప్పు వచ్చి ఆ పెదవులకే తగిలింది. బలిపీఠానికి మైల రాలేదు, మనిషికి మైల పోయింది. మార్కు 1:41లో యేసు కుష్ఠరోగిని ముట్టుకున్నప్పుడూ అంతే.

విద్యార్థి:
అక్కా, ఒప్పుకుంటాను, కానీ పూర్తిగా కాదు. హగ్గయి 2:12-13 చూడండి. ప్రతిష్ఠించిన మాంసం కొంగులో కట్టుకుని వెళ్తే ఆ కొంగు తగిలిన రొట్టెకి పరిశుద్ధత రాదు, శవాన్ని ముట్టినవాడు తగిలితే మాత్రం మైల వస్తుంది అని యాజకులే చెప్తారు. అంటే పాత నిబంధన మామూలు లెక్క మీ అన్నగారి మడికి దగ్గరే. యెషయాకి జరిగింది ఆ లెక్క తప్పడం.

గుంటూరు జిల్లా నుంచి:
తప్పింది కాబట్టే కదా తమ్ముడూ మేము లోపలికొచ్చాం.

మాస్టారు:
ఆ యెషయా అధ్యాయంలోనే "కారుతో తీసిన నిప్పు" అని ఉంటుంది. మా పాత విద్యార్థి ఒకడు పరలోకంలో కార్లున్నాయనుకున్నాడు. అది పటకారు నాయనా. ఇలాంటి అచ్చమైన తెలుగు మాట బైబిల్లో బతికుండడం నాకు సంతోషం. ఆ దర్శనంలో దేవుడి దగ్గరున్న దూతలు "పరిశుద్ధుడు, పరిశుద్ధుడు, పరిశుద్ధుడు" అని "గానప్రతిగానములు" చేశారన్న మాట కూడా. మూడుసార్లు ఎందుకు?

విద్యార్థి:
హీబ్రూలో ‘అన్నిటికంటే’ అనడానికి విశేషణానికి ప్రత్యేక రూపం లేదు మాస్టారూ, ఒక్కోచోట మాటనే మళ్లీ చెప్తారు. మనం తియ్యతియ్యగా అన్నట్టు. యెషయా 26:3లో షాలోమ్ షాలోమ్ అని రెండుసార్లుంటే తెలుగులో ‘పూర్ణశాంతి’ అన్నారు. ఇక గానప్రతిగానములు మన అనువాదకుల చలవ. మూలంలో ఒకరినొకరు పిలిచి చెప్పుకున్నారు అనే ఉంది. మనవాళ్లకి వెంటనే ఒకరి తర్వాత ఒకరు కీర్తన అందుకునే రెండు జట్లు కనబడినట్టున్నాయి.

సండే స్కూల్ టీచర్:
అన్నీ బాగున్నాయి, మరి మా పిల్లాడికి ఏం చెప్పను? ‘ప్రతిష్టితము’ అంటే వాడు విగ్రహమా అంటాడు.

విద్యార్థి:
టీచర్ గారూ, అసలు వాడే కరెక్టు. యెహెజ్కేలు 36:20-23 చదవండి. ఇశ్రాయేలీయులు దేశం పోగొట్టుకుని చెదిరిపోయిన చోటల్లా, వీళ్లు యెహోవా జనమట, ఆయన దేశంలోంచి వచ్చేశారట అని జనం చెప్పుకున్నారు. అలా ఆయన పేరుకి దూషణ వచ్చింది. అప్పుడు "నా ఘనమైన నామమును నేను పరిశుద్ధపరచుదును" అంటాడు. పేరు నిజంగానే మాసింది, తనవాళ్ల వల్లే. ప్రభువు ప్రార్థనలో మొదటి మనవి వెనక ఈ మాటే ఉందని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు.

మాస్టారు:
అయితే ఇంట్లో ఉన్న మాటే కదయ్యా! ‘పేరు చెడగొట్టకురా, మీ నాన్న పేరు నిలబెట్టు’ అంటాం. "నీ పేరు నిలబడాలి" అని చెప్పమ్మా, ఏ పిల్లాడికైనా తెలుస్తుంది. బైబిల్ మాట మార్చమనడం లేదు, అర్థం చెప్పేటప్పుడు.

సండే స్కూల్ టీచర్:
ఈ ఆదివారం అలాగే చెప్పాను మాస్టారూ. వాడు వెంటనే "అయితే ఎవరు చెడగొట్టారు టీచర్?" అన్నాడు. అది వచ్చే వారం అన్నాను. మీ కోసం వాడి నోటుబుక్కు తీసి చూశాను, ద కింద ధ వత్తు సరిగ్గానే ఉంది. బోర్డు మీద నేనే తప్పు రాశాను.