ఐ-20 రద్దవుతుందని మెయిల్ వస్తే పాస్‌వర్డ్ కొట్టేశాను, ఇప్పుడేం చేయాలి?

డాలస్, కొత్త విద్యార్థి:
అన్నలకు, అక్కలకు నమస్కారం. ఆగస్టులో ఎంఎస్‌కి వచ్చాను. 24 గంటల్లో వివరాలు సరిచూసుకోకపోతే ఐ-20 (స్టూడెంట్ వీసాకి ఆధారమైన యూనివర్సిటీ పత్రం) రద్దు అని ఇంటర్నేషనల్ ఆఫీస్ పేరుతో రాత్రి మెయిల్ వచ్చింది. కంగారులో లింకు నొక్కి యూనివర్సిటీ పాస్‌వర్డ్ కొట్టాను. ఫోన్‌కి అప్రూవ్ అని వస్తే అదీ నొక్కేశాను. పొద్దున చూస్తే ఆ అడ్రస్ యూనివర్సిటీది కాదు. ఇంట్లో చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

ప్లేనో:
తమ్ముడూ, ముందు నీ డీఎస్‌ఓకి, అంటే యూనివర్సిటీలో మన వీసా పత్రాలు చూసే అధికారికి, ఫోన్ చెయ్యి. సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ సిస్టమ్) నీ రికార్డు చూసి అప్పుడే చెప్తారు. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకి మాత్రం చెయ్యకు.

ఇది నా అనుభవంతో చెప్తున్నాను. 2019లో అపార్ట్‌మెంట్ మారుతూ లీజింగ్ ఆఫీసావిడతో వారం రోజులు మెయిళ్లు నడిపాను. అదే సబ్జెక్ట్ కింద, మా పాత మాటలన్నీ కిందే ఉండగా, ఆవిడ పేరుతో ఇంకో మెయిల్ వచ్చింది. ‘మా బ్యాంకు మారింది, డిపాజిట్ ఈ అకౌంట్‌కి వైర్ చేయండి’ అని. 1,850 డాలర్లు పంపేశాను. తాళాల కోసం వెళ్తే డబ్బు రాలేదన్నారు. బ్యాంకువాళ్లేమో ‘మీరే పంపారు కదా’ అన్నారు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే, అడ్రస్‌లో ఎం (m) ఉండాల్సిన చోట ఆర్, ఎన్ (rn) పక్కపక్కన ఉన్నాయి. ఫోన్‌లో పేరు ఒక్కటే కనిపించింది. ఆ నెల మా ఆవిడ పుస్తెలతాడు కుదువ పెట్టమని మా అమ్మకి చెప్పాల్సి వచ్చింది.

శాన్ హోసే:
ఇలాంటివి పట్టుకోవడం సులువండీ. జీమెయిల్‌ని కంప్యూటర్‌లో తెరిచి, మూడు చుక్కలు నొక్కి షో ఒరిజినల్ చూడండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మెయిల్ ఎక్కణ్నుంచి వచ్చిందో చూసే పరీక్షలు ఉంటాయి, మూడూ పాస్ అయితే అసలైన మెయిలే.

ఎడిసన్:
కాదు సార్, దయచేసి కొత్తవాళ్లకు అలా చెప్పకండి. పాస్ అంటే ఆ డొమైన్ పేరు (అడ్రస్‌లో @ తర్వాత ఉండేది) అరువు తెచ్చుకున్నది కాదని మాత్రమే అర్థం. దొంగ తనే ఒక డొమైన్ కొనుక్కుని సరిగ్గా సెట్ చేసుకుంటే మూడూ పాస్ అవుతాయి. ప్లేనో అన్నగారికి వచ్చినదీ పాసయ్యే ఉంటుంది. ఫెయిల్ అయితే అనుమానించాలి, పాస్ అయినంత మాత్రాన నమ్మకూడదు.

శాన్ హోసే:
అసలుదానిలా కనిపించే వేరే డొమైన్ సంగతి ఒప్పుకుంటాను. కానీ అసలు అడ్రస్‌నే వాడేసే దొంగతనం దీంతోనే దొరుకుతుంది. నేను చెప్పింది దాని గురించి.

అట్లాంటా:
అడగలేదుగానీ చెప్తున్నా. మీ జీమెయిల్ రికవరీ నంబరు ఇండియా సిమ్‌దేనా? వెంటనే మార్చండి. 90 రోజులు వాడకపోతే ఆ సిమ్ ఆగిపోవచ్చు, తర్వాత నంబరు ఇంకొకరికి వెళ్తుంది. మీ ఓటీపీలు వాళ్లకి పోతాయి. అలాగే మీ పేరు మీద ఇంకెవరూ అప్పు తీసుకోకుండా మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ ఫ్రీజ్ పెట్టుకోండి. 2018 నుంచి ఉచితం.

ప్లేనో:
అక్కా, ఇండియా బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది కదా, తీసేస్తే ఎలా?

అట్లాంటా:
బ్యాంకుకి ఉంచండి, రీచార్జ్ చేస్తూ ఉండండి. మెయిల్‌కి మాత్రం ఆథెంటికేటర్ యాప్ (కోడ్ ఫోన్‌లోనే చూపించేది) గానీ పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తో లాగిన్ అయ్యేది) గానీ పెట్టండి. పాస్‌కీ అయితే దొంగ సైట్‌లో అసలు పనిచెయ్యదు.

ఎడిసన్:
అసలు అడిగిన అబ్బాయిని వదిలేశాం. బాబూ, బ్రౌజర్‌లో యూనివర్సిటీ సైట్ నువ్వే టైప్ చేసి పాస్‌వర్డ్ మార్చు. అన్ని సెషన్ల నుంచి సైనౌట్ అవ్వు. ఐటీ హెల్ప్‌డెస్క్‌కి చెప్పు, ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. అప్రూవ్ నొక్కావు కాబట్టి వాడు నీ మెయిల్‌బాక్స్‌లోకి వచ్చేశాడనే అనుకో. అవుట్‌లుక్ సెట్టింగ్స్‌లో రూల్స్, ఫార్వార్డింగ్ రెండూ చూడు. పాస్‌వర్డ్ మార్చినా అవి పోవు.

డాలస్, కొత్త విద్యార్థి:
చూశాను సార్. రూల్స్‌లో నేను పెట్టనిది ఒకటి ఉంది. దాని పేరు ఒక్క చుక్క. ‘డైరెక్ట్ డిపాజిట్’ అని ఉన్న మెయిళ్లన్నీ ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్స్ ఫోల్డర్‌లోకి పోతున్నాయి. అందులో ‘మీ బ్యాంకు వివరాలు మార్చబడ్డాయి’ అని పేరోల్ (జీతాల విభాగం) వాళ్ల మెయిల్ ఉంది. నాకు టీచింగ్ అసిస్టెంట్ (టీఏ) జీతం శుక్రవారం పడాలి.

ఎడిసన్:
ఇంకో మాట రాయకు. ఇప్పుడే పేరోల్ ఆఫీసుకి నడిచి వెళ్లు, ఐడీ కార్డు పట్టుకెళ్లు.