"కుక్క పని గాడిద చేస్తే": ఇంతకీ ఆ కుక్క ఎందుకు మొరగలేదు?

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ప్రశ్న:
బెంగళూరు తెలుగువాళ్ళందరికీ నమస్కారం. మా సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ వాళ్ళ కన్నుగప్పిన బగ్ (తప్పు) ఒకటి నా కంటబడితే, రాత్రి కూర్చుని నేనే సరిచేశాను. మెచ్చుకుంటాడనుకుంటే మా లీడు (ఆయనది నెల్లూరు) "కుక్క పని గాడిద చేస్తే ఏమవుతుందో తెలుసుగా" అని నవ్వాడు. ఇంట్లో ఈ మాట చెబితే ఎమ్మే సోషియాలజీ చదివే మా చెల్లి "అచ్చం స్ట్రక్చరల్ ఫంక్షనలిజం, మాకు పేపర్లో ఉంది" అంది. సామెతలో నిజంగా అంత ఉందంటారా?

మారతహళ్ళి:
సిద్ధాంతం లేదు, ఏమీ లేదండీ. ఎవరి పని వాళ్ళు చూసుకోమని. మా నాన్న రోజుకోసారైనా అనేవారు, ఎక్కువగా నన్నే.

మల్లేశ్వరం:
మీ చెల్లెలి మాట సగం ఒప్పుకుంటానమ్మా. గుండె, ఊపిరితిత్తులు, కాలేయం దేని పని అది చేస్తేనే ఒళ్ళు నిలబడుతుంది. అలాగే కుటుంబం, మతం, బడి, బజారు తలా ఒక పని చేస్తేనే సమాజం నిలబడుతుందనేది నిర్మాణ-ప్రకార్యవాదం, మీ చెల్లి అన్న స్ట్రక్చరల్ ఫంక్షనలిజం ఇదే. ప్రకార్యమంటే మొత్తానికి ఒక భాగం చేసిపెట్టే పని. శరీరంతో పోలిక ఇంగ్లండు తత్త్వవేత్త స్పెన్సర్ బాగా వాడాడు. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త డర్క్‌హైమ్ 1893లో శ్రమ విభజన మీద రాస్తూ, అది మనుషుల్ని ఒకరికొకరిని ఎలా ముడివేస్తుందో చూపించాడు. ఇంగ్లండు మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1935 నాటి వ్యాసంలో ఇంకా తేల్చి చెప్పాడు: ఒక ఆచారం మొత్తం నిర్మాణం కొనసాగడానికి ఏ మేరకు తోడ్పడుతుందో అదే దాని ప్రకార్యం. తర్వాత అమెరికాలో సమాజశాస్త్రవేత్త టాల్కట్ పార్సన్స్ దీన్ని పెద్ద వ్యవస్థగా కట్టాడు. ఆయన వాక్యాలు చదవాలంటే మాత్రం కాఫీ దగ్గర పెట్టుకోవాలి.

మనం ఉంటున్న ఊరికి దీనితో దగ్గర చుట్టరికమే ఉంది. మైసూరులో పుట్టిన సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ ఆక్స్‌ఫర్డ్‌లో ఆ రాడ్‌క్లిఫ్-బ్రౌన్ దగ్గరే చదివారు. కొడగువాళ్ళ మతం, సమాజం మీద ఆయన పుస్తకం 1952లో వస్తే ముందుమాట గురువుగారు రాశారు. 1972లో ఢిల్లీ వదిలి బెంగళూరు వచ్చి, 1999లో ఇక్కడే పోయారు. టీవీ చర్చల్లో గొంతు చించుకుని అరిచే "ఓటు బ్యాంకు" అన్న మాట ఆయన చలవే.

ఇక సామెత. దాని వెనక కథ హితోపదేశంలో ఉంది. చాకలి ఇంట్లో రాత్రిపూట దొంగ పడ్డాడు. వాకిట్లో గాడిద కట్టేసి ఉంది, కుక్క ఊరికే కూచుంది. మొరగవేమని గాడిద అడిగింది. దానికి కుక్క చెప్పిన జవాబే మన సామెతలో ఎగిరిపోయింది. రాత్రనకా పగలనకా ఇల్లు కాస్తున్నాను, చాన్నాళ్ళుగా ఏ బెడదా లేకపోయేసరికి నా ఉపయోగం ఈయనకి తెలియడం లేదు, ఇప్పుడు తిండి పెట్టడానికి కూడా చెయ్యి రావడం లేదు అంటుంది. గాడిదకి కోపం వస్తుంది: పని పడ్డ వేళ బేరమాడేవాడు సేవకుడేనా? కుక్క తగ్గదు: పని పడ్డ వేళ మాత్రమే ఆదరించేవాడు యజమానేనా? ఇంత వాదన అయ్యాకే గాడిద ఓండ్ర పెట్టడం, నిద్ర చెడిన చాకలి కర్ర అందుకోవడం. మనం గాడిద తిన్న దెబ్బలు దాచుకుని, కుక్క ఆకలి వదిలేశాం.

ఎలక్ట్రానిక్ సిటీ:
మాస్టారూ, ఇది చదివి కాసేపు ఊరుకుండిపోయాను. మా టెస్టింగ్ టీములో సగంమందిని పోయిన సంవత్సరం తీసేశారు. మిగిలినవాళ్ళ మీద పని రెట్టింపు.

మల్లేశ్వరం:
చూశారా మరి. ఆ ప్రకార్యవాదాన్ని తప్పుబట్టినవాళ్ళు వేలు పెట్టింది సరిగ్గా ఇక్కడే. ఏ పని దేనికి పనికొస్తుందో చక్కగా చెబుతుంది, ఆ పని చేసేవాడి కంచంలో ఏముందో చూడదు.

మా అమ్మమ్మగారి ఊరు మదనపల్లె వైపు. అక్కడా, ఇటు కోలారు వైపూ చెరువు నీళ్ళు పంచడానికి ఒక మనిషి ఉండేవాడు. కన్నడంలో నీరుగంటి, తెలంగాణలో నీరటి అంటారు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు పారాలి, నీళ్ళు తగ్గిన ఏడాది ఎవరికి ఎంత కోత పెట్టాలి, అన్నీ అతని చేతిమీదే నడవాలి. రాత్రిపూట పార భుజాన వేసుకుని కాలవ గట్టున తిరిగి, గండి పడితే మట్టి వేసి, ఎవడైనా దొంగచాటుగా మడవ తిప్పుకుంటే సరిచేసి వచ్చేవాడు. నెల జీతం లేదు, నూర్పిళ్ళప్పుడు కళ్ళంలో గింజలు కొలిచేవారు. చాలా ఊళ్ళలో ఈ పని భూమి లేని దళితులది. ఎందుకని పెద్దవాళ్ళని అడిగితే వచ్చే సమాధానం, సొంత మడి లేనివాడు పక్షపాతం చూపడని.

ఎంత బాగా అతికిందో చూడండి! అతనికి సెంటు భూమి లేకపోవడం కూడా ఊరికి లాభమే అయి కూర్చుంది. ఇలాంటి వివరణ వింటే మొదట ముచ్చటేస్తుంది, కాస్త ఆలోచిస్తే ఒళ్ళు మండుతుంది. ఊరి నీళ్ళన్నీ పంచేవాడికి ఒక్క మడైనా ఎందుకు లేదని ఆ వివరణ అడగదు. 1936లోనే అంబేద్కర్ అన్నారు, కులం శ్రమను విభజించి ఊరుకోలేదు, శ్రామికుల్నే విభజించిందని. పుట్టుకతో ఎవరి పని ఏదో తేల్చేశాక "ఎవరి పని వాళ్ళు" అనేది సలహా ఎలా అవుతుంది, ఆజ్ఞ అవుతుంది గానీ.

మారతహళ్ళి:
మా నాన్న అలాంటి ఉద్దేశంతో అనలేదు లెండి.

మల్లేశ్వరం:
అయ్యో, నాన్నగారిని నేనేమీ అనడం లేదు బాబూ. మా ఇంట్లోనూ వాడతాం.

ఎలక్ట్రానిక్ సిటీ:
అయితే చెల్లికి సున్నా మార్కులేనా? రేపు సెమినారట.

మల్లేశ్వరం:
సున్నా ఎందుకు? అమెరికా సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్‌ని చదవమనండి. 1949 నాటి పుస్తకంలో ఈ వాదంలోని చెత్త చాలావరకు ఊడ్చాడు. పైకి కనిపించే ప్రకార్యం వేరు, ఎవరూ అనుకోకుండా జరిగిపోయే గుప్త ప్రకార్యం వేరు అన్నాడు. అమెరికా ఆదివాసులైన హోపీ తెగవాళ్ళ వాన క్రతువులు ఆయన ఉదాహరణ: వాన వచ్చినా రాకున్నా చెదిరి ఉన్న జనం ఒకచోట చేరతారు, మేమంతా ఒకటన్న భావం గట్టిపడుతుంది. అంత దూరం వద్దనుకుంటే ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది సభకి వెళ్ళమనండి. పేరుకి పంచాంగ శ్రవణం. పులిహోర దగ్గర జరిగేవి పెళ్ళి సంబంధాలు, అద్దె ఇళ్ళ వాకబు, "మీ కంపెనీలో ఖాళీలున్నాయా" అనే ఆరా. పంచాంగం ఎవరు చదివారో ఇంటికెళ్ళాక చాలామందికి గుర్తుండదు.

మెర్టన్ చేసిన అసలు మేలు ఇంకొకటి. ఒక ఏర్పాటు కొందరికి మేలు చేస్తూనే మరికొందరికి చెరుపు చేయవచ్చు, కాబట్టి ఉపయోగం అన్నప్పుడల్లా ఎవరికని అడగాలన్నాడు. డేవిస్, మూర్ అనే అమెరికా సమాజశాస్త్రవేత్తలు 1945లో, ముఖ్యమైన పనులకి అర్హులైనవాళ్ళు రావాలంటే ఎక్కువ ప్రతిఫలం ఇవ్వక తప్పదు, అందుకే ప్రతి సమాజంలోనూ హెచ్చుతగ్గులు ఉంటాయని వాదించారు. ఏ పని ముఖ్యమో తేల్చేదెవరని 1953లో ట్యూమిన్ అనే మరో అమెరికా సమాజశాస్త్రవేత్త నిలదీశాడు. పై అంతస్తులో పుట్టనివాళ్ళ ప్రతిభ బయటపడే దారే ఉండదు, ఇంక అర్హులని ఎలా ఏరుతారన్నాడు. సెమినారులో ఈ ఇద్దరి వాదం, ఆ ఒక్కడి జవాబు పక్కపక్కన పెట్టి, మధ్యలో కుక్క మాటలు చదివితే మాస్టర్లు వింటారు. హితోపదేశంలో సుహృద్భేదం అనే భాగంలో ఉంది, తెలుగు తాత్పర్యంతో దొరుకుతుంది.