సమస్యాపూరణం: పగిలినట్టి కప్పు పంచె హాయి

నిర్వాహకుడు:
ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. మిగిలిన మూడూ మీవి.

పగిలినట్టి కప్పు పంచె హాయి

అంశం ఇంట్లో టీ విరామం. కొత్తగా ఏదీ కొనకూడదు, మూలన పడేసిన వాటితోనే ఆ పావుగంట హాయిగా గడవాలి. 'పగిలిన'కూ 'హాయి'కీ ఉన్న పేచీ తీర్చడమే అసలు పని.

పాతసామాను:
చిన్న గరిటెలన్ని చేతికందునటుల
నిలువుగాను పెట్ట నెలవుగాగ
లేచిపోవు పనియె లేదు టీ వేళలో
పగిలినట్టి కప్పు పంచె హాయి

పాత ఫొటో ఫ్రేమును ట్రేగా మార్చాను, అద్దం కింద దుప్పటి ముక్క పరిచి. అంచు విరిగిన కప్పు అందులో ఓ మూల ఉంటుంది. గరిటెలు, వడకట్టే జాలి అన్నీ ఆ కప్పులోనే.

నిర్వాహకుడు:
గణాలు, యతులు (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన పొత్తు) శుభ్రంగా ఉన్నాయి. కానీ మూడో పాదం చదివి మా ఇంట్లో ఒకటే నవ్వు. 'లేచిపోవు' అంటే టీ తాగుతున్నావిడ ఎవరితోనో వెళ్లిపోతున్నట్టుంది! 'లేచి వెళ్లు' అనండి, గణం చెడదు. భావం మాత్రం అసలు జబ్బును పట్టుకుంది. చక్కెరకు ఒకసారి, చెంచాకు ఒకసారి లేస్తుంటే అది విరామం ఎలా అవుతుంది?

ఒక్క మాట. తడి జాలి కూడా అందులోనే పెడితే అడుగున నీళ్లు చేరి గరిటెలు నానుతాయి. జాలికి ఏదైనా పాత డబ్బా మూత చూడండి. వేడి గిన్నెను ఫ్రేము అద్దం మీద నేరుగా దించకండి. ఒక్కచోటే వేడెక్కితే అద్దం చిట్లొచ్చు. తువ్వాలు మడిచి వేస్తే సరి.

పాతసామాను:
అద్దం చిట్లితే అదీ సమస్యగా ఇస్తారు కాబోలు. సవరించానండి.

తీరికలేదు:
జిగురు పూసి యతుక జేర్చితిన్ ముక్కలన్
వేడి టీని పోసి తాగినాను
కొత్తదేల నాకు గుండెకు దగ్గరై
పగిలినట్టి కప్పు పంచె హాయి

గురులఘువు:
రెండో పాదంలో 'వే'కు 'తా' యతి కాదండి. 'వేడి టీని పోసి పీల్చినాను' అంటే కుదురుతుంది. వ, పలకు మైత్రి ఉంది, ఏ, ఈలకూ ఉంది.

నిర్వాహకుడు:
యతి కుదిరింది, టీ కుదరలేదు. మామూలు జిగురు తినే పాత్రలకు ఉద్దేశించినది కాదు, వేడికి పట్టు సడలుతుంది కూడా. అతుకు గట్టిగానే ఉన్నా సందులో చేరే మురికి కడిగితే పోదు. పూరణగా చూసినా ఇబ్బందే: అతికించేశాక అది పగిలిన కప్పు ఎలా అవుతుంది? ముడి విప్పకుండా పక్కనుంచి దాటేశారు. 'గుండెకు దగ్గరై' మాత్రం దాచుకోండి, ఎక్కడైనా పనికొస్తుంది.

తీరికలేదు:
సరే, రేపటి నుంచి అందులో పెన్సిళ్లు.

ఆవిరిచుక్క:
ఎండ చార యొకటి యింటిలో దూరగా
కేటిలందు నీరు కెరలుచుండ
చలికి వణకు వేళ చక్కగా వెచ్చనై
పగిలినట్టి కప్పు పంచె హాయి

(కప్పు అంటే ఇంటి కప్పు!)

గురులఘువు:
శభాష్! వాన పడిందంటే టీ పలచబడుతుందనుకోండి. కెరలే నీళ్లన్నారు కాబట్టి అడుగుతున్నా, అది నల్ల టీయేనా? దానికైతే మరిగే నీళ్లే పోసి 3 నుంచి 5 నిమిషాలు ఉంచవచ్చు. గ్రీన్ టీ అయితే 80 డిగ్రీల దగ్గర 2, 3 నిమిషాలు చాలు. మరిగే నీళ్లు పోస్తే చేదెక్కుతుంది.

నిర్వాహకుడు:
చమత్కారానికి నూటికి నూరు. అంశానికి సున్నా, పాత వస్తువును వాడిందెక్కడ?

కుండీ:
అడుగు చిల్లుతోడ నందులో మన్నుంచి
పుదిన కొమ్మ నాట పొదలె జాల
తుంచి యాకు వేయ తొలకరించెను తావి
పగిలినట్టి కప్పు పంచె హాయి

నిర్వాహకుడు:
ఈసారికి ఇదే నా ఎంపిక. కప్పును తాగే పని నుంచి తప్పించి, టీ పక్కనుంచి మాత్రం కదలనివ్వలేదు. 'తొలకరించెను తావి' దగ్గర గణాలు నడుస్తున్నట్టే తెలియదు. 'పుదిన' వాడుకలో ఉన్న రూపమే, అభ్యంతరం లేదు.

పాతసామాను:
పింగాణీకి చిల్లు ఎలా వేశారు? నాది రెండు ముక్కలైంది.

కుండీ:
టైల్స్‌కు వాడే డ్రిల్ బిట్టుతో. చిల్లు వేసేచోట టేపు అంటిస్తే బిట్టు జారదు. కాసిని నీళ్లు పోస్తూ నెమ్మదిగా తిప్పాలి, నొక్కకూడదు. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. పగులు అడుగు దాకా ఉంటే చిల్లే అక్కర్లేదు, నీళ్లు అందులోంచే పోతాయి. పుదీనా వేళ్లు త్వరగా పాకుతాయి, కొన్నాళ్లకు పెద్దదాంట్లోకి మార్చాలి. పాలు, చక్కెర కలిసిన టీ పిప్పిని కడగకుండా వేయకండి, చీమలు పడతాయి.

నిర్వాహకుడు:
వచ్చేవారం సమస్య ఇదీ. మళ్లీ ఆటవెలదే, టీ బల్ల దాటకూడదు.

జోడులేని సాక్సు జోడుగూడె