జననాలు ఇలా పడిపోతుంటే దక్షిణ కొరియాలో తప్పనిసరి సైనిక సేవ నిలుస్తుందా?

చర్చ మొదలుపెట్టినవారు:
2023లో దక్షిణ కొరియాలో పుట్టిన పిల్లలు 2 లక్షల 30 వేలు. అందులో మగపిల్లలు 1 లక్షా 18 వేల దాకా ఉంటారు. 2043కి వీళ్లకు ఇరవయ్యేళ్లు. ఆర్మీలో సేవ 18 నెలలు కాబట్టి, ఒక్కరినీ వదలకుండా చేర్చుకున్నా ఒకేసారి యూనిఫాంలో ఉండేది 1 లక్షా 80 వేలకు మించరు. 2025 నాటికే మొత్తం సైన్యం 4.5 లక్షలకు తగ్గింది. సరిహద్దు అవతల ఉత్తర కొరియాకు పది లక్షల పైచిలుకు సైనికులున్నారు. ఈ పద్ధతికి రోజులు దగ్గరపడ్డాయనే అనుకుంటున్నాను.

జవాబు 1:
మీ లెక్క మగవాళ్లతోనే ఆగిపోయింది. నార్వే 2015 నుంచి అమ్మాయిలనూ పిలుస్తోంది, డెన్మార్క్ 2025లో మొదలుపెట్టింది. కొరియాకూ అదే దారి.

జవాబు 2:
నార్వేతో పోలిక కుదరదండీ. అక్కడ అందరినీ పరీక్షించి కొద్దిమందినే తీసుకుంటారు, వాళ్లలోనూ ఇష్టపడి వచ్చేవాళ్లే ఎక్కువ. కొరియాకు కావాల్సింది దాదాపు ప్రతి ఒక్కరూ. పైగా మగవాళ్లకే సేవ తప్పనిసరి చేయడం సరైనదేనని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2023లో మళ్లీ తేల్చింది. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ వాయిదా పడుతున్న వయసులో ఇంకొక ఏడాదిన్నర అమ్మాయిల దగ్గరా తీసుకుంటే జననాలు ఇంకా తగ్గుతాయేమోనన్నదే నా భయం.

జవాబు 3:
పోనీ సేవాకాలం పెంచితే? 3 లక్షలమంది ఉండాలంటే ఒక్కొక్కరు 30 నెలలు ఉండాలి. 2018లో 21 నెలల్ని 18కి తగ్గిస్తామని ప్రకటించి అమలు చేసిన దేశంలో ఆ మాట ఏ పార్టీ ఎత్తుతుంది? జీతమిచ్చి నిలబెట్టుకుందామన్నా చిక్కే. సేవ చివర్లో ఉన్న సార్జెంట్‌కు 2025 నుంచి నెలకు 15 లక్షల వన్ (కొరియా కరెన్సీ) ఇస్తున్నారు. మంచిదే, కుర్రాళ్ల కష్టానికి అది న్యాయం. కానీ కెరీర్‌గా ఎంచుకున్న జూనియర్ సార్జెంట్ మూల వేతనానికీ దీనికీ తేడా బాగా తగ్గిపోయింది, చేరేవాళ్లూ తగ్గారు. ముందు సరిచేయాల్సింది ఇదే.

జవాబు 4:
అందరూ బారక్‌లలో తలలే లెక్కపెడుతున్నారు, రిజర్వును, అంటే అవసరమైతే మళ్లీ పిలిచే మాజీ సైనికుల బలగాన్ని, మర్చిపోయారు. సేవ ముగించినవాళ్లు ఆ తర్వాత ఎనిమిదేళ్లు రిజర్వులో ఉంటారు. నిర్బంధ సైనిక సేవ ఎత్తేస్తే ఆ బలం ఎనిమిదేళ్లలో కరిగిపోతుంది. డ్రోన్లు, కెమెరాలు కాపలా పని తగ్గిస్తాయి గానీ రిజర్వును తయారుచేయలేవు. తైవాన్‌ను చూడండి. స్వచ్ఛంద సైన్యం వైపు వెళ్లి నిర్బంధాన్ని నాలుగు నెలల శిక్షణకు కుదించింది. ఒక్కో మహిళకు పుట్టే పిల్లల సగటు ఒకటికన్నా కిందికి పడిపోయాక కూడా, 2024 జనవరి నుంచి మళ్లీ ఏడాది చేసింది. పిల్లలు తగ్గారని ఆగలేదు, ముప్పు పెరిగిందని చేసింది. కొరియాలోనూ నిర్బంధం నిలుస్తుందనే నా నమ్మకం. మొదటి పోస్ట్‌లోని 1 లక్షా 80 వేలమందిని సరిహద్దు కాపలాకు కాకుండా రిజర్వు శిక్షణకే పెట్టి, ముందువరుస పోస్టులు సైన్యాన్నే కెరీర్‌గా ఎంచుకున్నవాళ్లకు అప్పగిస్తే ఆ సంఖ్య సరిపోదంటారా?