పాత 5.1 హోమ్ థియేటర్: 20 వేల లోపు బాగుచేసుకోవాలా, సౌండ్‌బార్ కొనేయాలా?

గోదారి గట్టు:

అందరికీ నమస్తే అండి, మాది రాజమండ్రి. 2010లో మా నాన్నగారు కొన్న 5.1 హోమ్ థియేటర్ ఒకటి ఉందండి ఇంట్లో, డీవీడీ ప్లేయర్‌తో కలిపి వచ్చే సెట్టు, ముందు రెండు వెనక రెండు చిన్న స్పీకర్లు, మాటల కోసం మధ్యలో ఒక సెంటర్, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్. అప్పట్లో మా వీధిలో ఎవరింట్లోనూ లేదు, ఆదివారం సినిమా పెడితే పక్కింటి పిల్లలు గుమ్మం దాకా కూర్చునేవాళ్లు. నాన్నగారు పోయి మూడేళ్లయింది, పాత సామానువాడికి వేసేయమని అందరూ అంటున్నారు కానీ నాకు మనసొప్పట్లేదు.

మొన్న దసరాకి 43 అంగుళాల 4కే టీవీ కొన్నాం. ఆప్టికల్ వైర్‌తో టీవీ నుంచి దీనికి కలిపాను, సౌండ్ వస్తోంది కానీ ముందు రెండూ, సబ్ మాత్రమే మోగుతున్నాయి, సెంటర్ లేదు, వెనక రెండూ లేవు. అమ్మకి డైలాగులు అసలు అర్థం కావట్లేదు, వాల్యూమ్ 30 పెట్టుకుంటుంది, ఈలోపు ఫైట్ వచ్చిందంటే ఇల్లదిరిపోతుంది, పాపం రిమోట్ చేతిలోంచి కింద పెట్టకుండా సినిమా చూస్తోంది. పైగా సబ్ కొంచెం గట్టిగా పెడితే బర్ర్ మంటోంది. డీవీడీ డిస్క్ చదవట్లేదు, దాంతో పనిలేదు లెండి.

హాలు 11 బై 14 అడుగులు, కింద టైల్స్. బడ్జెట్ 20 వేలు, అంతకుమించి ఈ ఏడు కుదరదు. ఈ స్పీకర్లు ఉంచేసి వాటిని నడిపించే ఆంప్లిఫయర్ డబ్బా, అదే కొత్త రిసీవర్ కొనాలా, లేక మొత్తం తీసేసి సౌండ్‌బార్ పెట్టేయాలా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

బాలు 88:

బ్రో అమ్మగారికి డైలాగులు వినపడటమే ముఖ్యం అయితే సెంటర్ ఛానెల్ విడిగా ఉన్న 3.1 సౌండ్‌బార్ తీసుకోండి, సబ్ కూడా దానితోనే వస్తుంది, ఒక్క హెచ్‌డీఎంఐ వైర్‌తో అయిపోతుంది. మా అత్తగారింట్లో అదే పెట్టించాం, టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ మారుతుంది, పెద్దవాళ్లకి తేలిక.

కేపీహెచ్‌బీ హాల్:

సౌండ్‌బార్ తప్పేం కాదు కానీ ఒక్క రూపాయి ఖర్చుపెట్టే ముందు మీ టీవీలో ఒక సెట్టింగ్ చూడండి, ఎందుకంటే మీరు చెప్పిన లక్షణం నేను మా ఇంట్లో అచ్చంగా అలాగే చూశాను. సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే డిజిటల్ అవుట్‌పుట్ అనో డిజిటల్ ఆడియో ఫార్మాట్ అనో ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది. అందులో పీసీఎం, అంటే కుదించని డిజిటల్ సౌండ్, అని ఉంటే ఆప్టికల్ వైర్‌లో ఎడమ, కుడి రెండు ఛానెళ్లే వెళ్తాయి, ఆ వైర్‌లో పీసీఎంకి అంతకంటే చోటు లేదు. అందుకే మీ సెట్టు దాన్ని స్టీరియోగా తీసుకుని ముందు రెండూ, సబ్ మోగిస్తోంది. దాన్ని డాల్బీ డిజిటల్ అని గానీ ఆటో అని గానీ మార్చండి. ఓటీటీలో 5.1 ఉన్న సినిమా పెట్టి చూస్తే ఐదూ మోగాలి.

ఇంకోటి, సెట్‌టాప్ బాక్స్‌లో వచ్చే సీరియల్స్, వార్తలు చాలావరకు స్టీరియోనే, వాటికి ఈ సెట్టింగ్ మార్చినా సెంటర్ మోగదు. వాటికి మీ హోమ్ థియేటర్ రిమోట్‌లో ప్రోలాజిక్ టూ అని ఒక మోడ్ ఉంటుంది వెతకండి, అది పెడితే రెండు వైపులా సమానంగా ఉన్న మాటల్ని తీసి సెంటర్‌లోకి పంపుతుంది, అమ్మగారికి కావాల్సింది అదే. తర్వాత స్పీకర్ సెటప్ మెనూలో సెంటర్ లెవెల్ 2, 3 డెసిబెల్స్ పెంచండి. నైట్ మోడ్ అనో డీఆర్‌సీ అనో ఉంటే అది కూడా ఆన్ చేయండి, ఫైట్ సౌండ్ తగ్గించి మాటలు పైకి తెస్తుంది. ఇవన్నీ ఫ్రీ.

ఇక రిసీవర్ సంగతి. తొందరపడి ఆర్డర్ పెట్టకండి, ముందు స్పీకర్ వెనక స్టిక్కర్ చూడండి, 3 ఓమ్స్ అని ఉందా? ఓమ్స్ అంటే స్పీకర్ కరెంట్‌ని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె. ఇలాంటి డబ్బా సెట్లలో చాలావాటికి అలాగే ఉంటుంది. మామూలు రిసీవర్లు 6 నుంచి 8 ఓమ్స్ స్పీకర్ల కోసం చేస్తారు, 6 బదులు 3 పెడితే అదే వాల్యూమ్‌కి రెండింతలు కరెంట్ లాగుతుంది, వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతుంది, ఖర్మ బాగోకపోతే ఔట్‌పుట్ పోతుంది. పైగా మీ సబ్‌కి సొంత కరెంట్ ప్లగ్ ఉండదు కదా, మెయిన్ యూనిటే దాన్ని నడిపిస్తుంది. రిసీవర్‌లో సబ్‌కి ఇచ్చే పిన్‌లో సిగ్నల్ మాత్రమే వస్తుంది, పవర్ రాదు, కలిపితే గప్‌చుప్‌గా ఉంటుంది. అంటే రిసీవర్ కొన్నారంటే వెనకాలే స్పీకర్లు, సబ్ కూడా కొనాల్సి వస్తుంది, ఆ లెక్క 20 వేలలో తేలదు. నేను ఈ గొలుసులో పడి 60 వేల దాకా పెట్టాను, మీకు ఆ అవసరం ఇప్పుడే లేదనిపిస్తోంది.

ఓరుగల్లు సౌండ్స్:

హాల్ అన్న చెప్పింది కరెక్ట్. నేను వరంగల్‌ల 15 ఏండ్ల సంది ఆంప్లిఫయర్లు రిపేర్ చేస్త, అసెంబుల్ కూడా చేస్త. నీ సబ్ బర్ర్ అంటున్నది అంటే కోన్ చుట్టూ, అంటే స్పీకర్ల ఊగే గరాటు చుట్టూ ఉండే ఫోమ్ పొయ్యి ఉంటది తమ్మీ. మన ఎండలకి, ఉక్కకి ఆ ఫోమ్ పది పదిహేనేండ్లకంటే ఎక్కువ ఆగదు, వేలు పెడితే పాత బ్రెడ్డు లెక్క పొడి పొడి అయితది. సబ్ ముందలి జాలి మూత తీసి చూడు. చిరిగి ఉంటే దాన్ని గట్టిగ మోగించకు, ఫోమ్ లేకుంటే కోన్ పక్కకి ఒరుగుతది, కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటది, అప్పుడు స్పీకరే పోతది.

కాయిల్ బాగుందా లేదా చూసుడు ఎట్లనంటే, అంతా ఆఫ్ చేసి కోన్ మీద రెండు చేతుల వేళ్లు ఎదురెదురుగ పెట్టి సమానంగ మెల్లగ లోపలికి ఒత్తు. చప్పుడు లేకుండ పొయ్యి వస్తే కాయిల్ మంచిగున్నట్టు, గరగర అంటే రాసుకుంటున్నట్టు. మంచిగుంటే ఫోమ్ ఒక్కటి మార్పిస్తే సరిపోతది. స్పీకర్ కోన్లు మార్చేటోళ్లు మీ ఊర్ల కూడా ఉంటరు, డీజే బాక్సులు ఎక్కడ రిపేర్ చేస్తరో అడుగు. దొరకకుంటే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీల ఆ ఫోమ్ రింగులు సైజుల వారీగ దొరుకుతయ్, రింగు బయటి కొలత, లోపలి కొలత రెండూ రాసుకొని పో, 6 అంగుళాలది అని నోటితోని చెప్తే వేరేది ఇస్తరు.

ఇంగొకటి, పెన్సిల్ సెల్లు పరీక్ష చెయ్. ఇది మస్తు మంది చెయ్యరు. మెయిన్ యూనిట్ కాడ స్పీకర్ వైర్లు పీకు, వైర్ ప్లస్‌ని 1.5 వోల్టుల సెల్లు ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం ఆనించు. టక్ మని కోన్ బయటికి రావాలె. లోపలికి పోయిందంటే ఆ వైర్ ఎక్కడో ఉల్టా అయ్యింది. అన్ని స్పీకర్లకి చెయ్. ఒకటి ఉల్టా ఉంటే కుడి ఎడమ రెండూ ఒకదాన్ని ఒకటి చంపుకుంటయ్, బేస్ పోతది, మాట ఎక్కడినుంచి వస్తున్నదో తెల్వది.

గోదారి గట్టు:

అన్నా, హాల్ గారూ, ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి, ఈరోజు సెలవు పెట్టి మరీ కూర్చున్నాను.

టీవీలో పీసీఎం అనే ఉంది! మార్చగానే ఐదూ మోగాయి, నాకు ఒళ్లు ఝల్లుమంది, వెనక స్పీకర్లో వాన సౌండ్ విని ఎన్నేళ్లయిందో. స్టిక్కర్ చూశాను, 3 ఓమ్స్ అనే ఉందండి.

తర్వాత సెల్లు పరీక్ష చేశాను. ముందు ఎడమ స్పీకర్ కోన్ లోపలికి పోయింది. వైర్ వెంబడి చేత్తో తడుముకుంటూ వెళ్తే సోఫా వెనక ఒకచోట నల్ల టేపు చుట్టి ఉంది. ఎప్పుడో ఎలక కొరికేస్తే నాన్నగారు అతికించారు, నాకు గుర్తుంది, టార్చి నేనే పట్టుకున్నాను. టేపు విప్పితే చార ఉన్న తీగ చార లేనిదానికి కలిసిపోయి ఉంది, ఆయనకి సాయంత్రమైతే చూపు సరిగా ఆనేది కాదు. అంటే ఇన్నేళ్లూ ఎడమది ఉల్టాగానే మోగిందన్నమాట. సరిచేసి పాట పెడితే పాడేవాళ్లు టీవీ మధ్యలో నిలబడి పాడుతున్నట్టే ఉంది.

సబ్ జాలి తీశాను, ఫోమ్ అన్న చెప్పినట్టే వేలికి పొడి అంటుకుంది, కింద సగం ఊడిపోయింది. కోన్ ఒత్తితే మాత్రం చప్పుడు లేదు.

కానీ సీరియల్ పెట్టి ప్రోలాజిక్‌లో వింటే సెంటర్ మోగుతోంది గానీ మాట డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంది అంటోంది అమ్మ. అదెందుకు?

వైజాగ్ లలిత:

సెంటర్ స్పీకర్ ఎక్కడ పెట్టారండి? టీవీ యూనిట్ అరలో, వెనక్కి తోసి పెట్టి ఉంటారని నా అనుమానం. మా ఇంట్లో మా మామయ్యగారికి ఇదే ఇబ్బంది. అరలో వెనక్కి ఉంటే చెక్క గోడలకి కొట్టుకుని మాట గుంయ్ మంటుంది. స్పీకర్ ముఖం అర అంచుకి సమానంగానో, ఒక వేలెడు బయటికో వచ్చేలా జరపండి. తర్వాత ముందు కాళ్ల కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి కొంచెం పైకి, కూర్చున్నవాళ్ల ముఖం వైపుకి తిప్పండి. నేను పాత హవాయి చెప్పు ముక్క కోసి పెట్టాను, మూడేళ్లయినా కదల్లేదు. ఇప్పుడైతే మీ సెంటర్ మోకాళ్లకి వినిపిస్తోంది, చెవులకి కాదు.

రెండోది మీ టైల్స్. గట్టి నేల, ఖాళీ గోడలు ఉన్న హాల్లో చప్పట్లు కొట్టి చూడండి, టింగ్ మని తోక వస్తే మాటలు కలిసిపోతున్నట్టే. టీవీకి సోఫాకి మధ్య ఒక దళసరి జంపఖానా వేయండి, కిటికీకి పల్చటి పరదా ఉంటే మందపాటిది మార్చండి. పెద్దవాళ్ల చెవికి ఈ తేడా బాగా తెలుస్తుంది, మా మామయ్యగారు జంపఖానా ఉతకడానికి తీసిన రోజున కూడా సౌండ్ మారిందని అడిగారు.

వెనక స్పీకర్లు సోఫాకి పక్కగా, కొంచెం వెనక్కి, కూర్చుంటే తలకి అడుగో అడుగున్నరో పైన ఉంటే చాలు, మరీ సీలింగ్ మూల వద్దు.

కేపీహెచ్‌బీ హాల్:

లలిత గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. నేను ఒకటి కలుపుతాను, కొరికిన వైర్ ఉంది కదా, దాన్ని మొత్తం మార్చేయండి. ఆడియో వైర్ అని అమ్మేదానికి ఎక్కువ పెట్టక్కర్లేదు, కరెంట్ సామాన్ల షాపులో 1.5 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్ రాగి వైర్ ఎరుపొకటి నలుపొకటి తీసుకోండి, మీ హాలు దూరాలకి బ్రహ్మాండంగా సరిపోతుంది. బ్లేడుతో తీగని గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం మీద రాగి పూత, అది వద్దు. మీ సెట్టుకి రంగుల ప్లాస్టిక్ కనెక్టర్లు ఉంటాయి, వాటిని పారేయకండి, ఒక జానెడు వైర్ ఉంచి కోసి దానికి కొత్త వైర్ అతికించండి.

సబ్‌ని మూలలో పెట్టారా? మూలలో పెడితే బేస్ పెరుగుతుంది కానీ ఒకే రకంగా బుమ్మని మోగుతుంది. ఫోమ్ వేయించాక సబ్‌ని మీరు కూర్చునే సోఫా దగ్గర పెట్టి బేస్ ఉన్న పాట మోగించి, మీరు గోడల వెంబడి కిందకి వంగి తల నేలకి దగ్గరగా పెట్టి తిరగండి. ఎక్కడ శుభ్రంగా వినిపిస్తే సబ్ అక్కడ పెట్టండి. చూసేవాళ్లకి వింతగా ఉంటుంది కానీ దీన్ని మించిన పద్ధతి నాకు దొరకలేదు.

మిగిలిన డబ్బు దాచుకోండి. ఆ మెయిన్ యూనిట్ ఎప్పుడైనా పోతే అప్పుడు సెకండ్ హ్యాండ్ రిసీవర్, 6 ఓమ్స్ పైన ఉన్న ముందు మూడు స్పీకర్లు, సొంత పవర్ ఉన్న సబ్, ఈ వరసలో చూద్దాం. పాత రిసీవర్ 4కే పంపదేమో అని భయపడకండి, అన్నీ టీవీకే కలిపి ఆప్టికల్‌లోనో, టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ వైర్‌లోనే వెనక్కి పంపే ఆర్క్‌లోనో తెచ్చుకోవచ్చు.

ఒక జాగ్రత్త, వాట్లు చూసి మోసపోవద్దు. 50 వాట్లది 100 వాట్లయితే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కాస్తంత తేడా. డబ్బా మీద వేలల్లో పీఎంపీఓ, అంటే గొప్పకి రాసే క్షణకాలపు వాట్లు, రాసి ఉన్నా పట్టించుకోకండి, ఆర్ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే వాట్లు, ఎంతో అడగండి.

గోదారి గట్టు:

పది రోజులకి మళ్లీ వచ్చానండి. ఫోమ్ ఇక్కడే డీజే బాక్సులు చేసే ఆయన దగ్గర వేయించాను, 450 తీసుకున్నారు, రెండు రోజులు ఆరనివ్వమన్నారు. వైర్ 1,100 అయింది, అన్నీ మార్చేశాను. జంపఖానా అమ్మ పెట్టెలోదే తీసింది. సెంటర్ ముందుకి జరిపి చెప్పు ముక్క పెట్టాను లలిత గారూ, అదొక్కటే సగం పని చేసింది. సబ్ టీవీ పక్క మూల నుంచి కిటికీ కింద గోడ మధ్యకి వచ్చింది, బర్ర్ లేదు, బుమ్ లేదు, తబలా వేలిదెబ్బ వేరుగా తెలుస్తోంది.

అమ్మ ఇప్పుడు వాల్యూమ్ 18లో చూస్తోంది. నిన్న సినిమా మొత్తం రిమోట్ ముట్టుకోలేదు.

ఒక్కటి మిగిలింది, కరెంట్ పోయి ఇన్వర్టర్ మీద నడిస్తే స్పీకర్లన్నిట్లో సన్నగా జుయ్ మంటోంది, కరెంట్ రాగానే పోతుంది. ఇది కూడా వైరింగేనా?

ఓరుగల్లు సౌండ్స్:

వైరింగ్ కాదు తమ్మీ, నీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యి ఉంటది, దాని కరెంట్‌కే ఆ జుయ్ ఉంటది, ఫ్యాన్ కూడా గూ అంటది చూడు. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే రాదు. ఇప్పటికైతే హోమ్ థియేటర్‌ని ఇన్వర్టర్ లైన్ లేని ప్లగ్గుకి మార్చు, కరెంట్ పోయినప్పుడు టీవీ సౌండే వినమను అమ్మని.

గోదారి గట్టు:

అవునన్నా, ఫ్యాన్ కూడా అంటోంది. రేపు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ప్లగ్ మార్పిస్తాను.