18 పెడితే వణుకు, 24 పెడితే వేడిగాలి: పాత కారు ఆటో ఏసీలో లోపం ఎక్కడుంది?

పాతసెడాన్:

నాది 2001 మోడల్ సెడాన్. డిజిటల్ డిస్‌ప్లే, 'ఆటో' బటన్ ఉన్న క్లైమేట్ కంట్రోల్. ఇంజన్ శుభ్రంగా ఉంది, బండి అమ్మే ఆలోచన లేదు. ఏసీ ఒక్కటే అర్థం కావడం లేదు.

24 పెట్టి బయల్దేరితే మొదట ఓ పది నిమిషాలు చల్లగానే వస్తుంది. తర్వాత మెల్లగా గోరువెచ్చనవుతుంది, ఇంకాసేపటికి హీటర్ వేసినట్టు వేడిగాలి కొడుతుంది. అదీ కాళ్ల దగ్గరికి. బయట ఎండ మండిపోతున్నా ఇదే వరస. అదే బాగా కిందికి, 18కి దించితే డిస్‌ప్లేలో 'లో' అని పడుతుంది, అర నిమిషంలో వేళ్లు కొంకర్లు పోయేంత చల్లదనం.

ఇంకొకటి. పొద్దున్నే తీసినప్పుడు కొన్నిసార్లు కంప్రెసర్ అసలు పడదు. కంప్రెసర్‌ని ఇంజన్‌కి కలిపే క్లచ్ 'టక్' మని పట్టే చప్పుడే ఉండదు. మధ్యాహ్నానికి మామూలుగా పడుతుంది. చూపించిన చోట కంప్రెసర్ వీకైపోయిందని, దాంతోపాటు కూలింగ్ కాయిల్ కూడా మార్చేయాలని అన్నారు. అంత పనికి దిగేముందు ఇంట్లోనే నేను చూసుకోగలిగింది ఏమైనా ఉందా?

ఇప్పటిదాకా చూసినవి: ఫ్యూజులు బాగున్నాయి, క్యాబిన్ ఫిల్టర్ కొత్తది, బ్లోవర్ అన్ని స్పీడుల్లో తిరుగుతోంది, స్కానర్‌లో లోపం చూపే కోడ్‌లు లేవు. బయటి ఉష్ణోగ్రత చూపే అంకె కూడా తేడాగానే ఉంది, మిట్టమధ్యాహ్నం 6 డిగ్రీలంటుంది. డిస్‌ప్లే పాతబడి అలా చూపిస్తోందేమో. మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు.

వైరింగ్‌పని:

కంప్రెసర్ జోలికి వెళ్లకండి, ప్లీజ్. అది బాగుందనే సాక్ష్యం మీ పోస్టులోనే ఉంది. 18 దగ్గర వేళ్లు కొంకర్లు పోతున్నాయంటే గ్యాస్ ఉంది, కంప్రెసర్ లాగుతోంది, కాయిల్ చల్లబడుతోంది. వీటిలో ఏది పాడైనా ఏ అంకె పెట్టినా అంత చల్లదనం రాదు.

'లో' అనేది ప్రత్యేకమైన స్థానం. చివరి అంకెల్లో, అంటే 'లో' లేదా 'హై'లో, కంప్యూటర్ ఏ లెక్కా వేయదు. చల్లగాలినీ వేడిగాలినీ కలిపే మిక్స్ డోర్‌ను పూర్తిగా ఒక పక్కకి తోసేసి ఊరుకుంటుంది. మధ్యలో ఏ అంకె పెట్టినా మాత్రం నాలుగు విషయాలు చూసి లెక్క కడుతుంది: మీరు అడిగిన ఉష్ణోగ్రత, లోపల ఉన్నది, బయట ఉన్నది, అద్దంలోంచి పడుతున్న ఎండ. బయట ఎంత చలిగా ఉందని అనుకుంటే అంత వేడిగాలి పంపాలని లెక్క తేలుతుంది.

మీ బండికి బయట 6 డిగ్రీలని కబురు అందుతోంది. నిజంగా 6 డిగ్రీల చలిలో 24 కావాలని అడిగితే ఏ కారైనా హీటరే వేస్తుంది, అదీ కాళ్ల దగ్గరే వేస్తుంది. మొదటి పది నిమిషాలు చల్లగా ఎందుకొస్తోందంటే, ఎండలో నిలిపిన బండి లోపల బాగా కాగి ఉంటుంది, లోపలి సెన్సర్ చల్లదనం కోసం గట్టిగా లాగుతుంది. క్యాబిన్ చల్లబడ్డాక ఆ లాగుడు తగ్గుతుంది, బయటి సెన్సర్ మాట పైచేయి అవుతుంది. మీ సిస్టమ్ తప్పుడు అంకెను నమ్మి సరైన పనే చేస్తోంది.

పొద్దుటి సంగతి కూడా దీంతోనే తేలిపోతుంది. బయట బాగా చలిగా ఉంటే, సుమారు రెండు మూడు డిగ్రీలకి దిగితే, చాలా కార్లు కంప్రెసర్‌ను పడనివ్వవు. కాయిల్ మీద మంచు పేరుకోకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. మధ్యాహ్నం 6 చూపించే సెన్సర్ పొద్దుటి చల్లవేళ 1 లేదా 2 చూపిస్తూ ఉండాలి. ఈసారి కంప్రెసర్ పడని పొద్దున ముందు ఆ అంకె చూడండి.

ఇక చెక్ చేయడం. బయటి సెన్సర్ సాధారణంగా ముందు బంపర్ వెనక, గ్రిల్ పక్కన ఉంటుంది. వేలెడంత ప్లాస్టిక్ ముక్క, రెండు వైర్లు. చల్లబడితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, వేడెక్కితే తగ్గుతుంది. టొయోటా పాత బండ్లలో 25 డిగ్రీల దగ్గర 1.6 నుంచి 1.8 కిలో ఓమ్‌లు ఉండాలి. మీది వేరే కంపెనీ అయితే అంకె వేరు, పద్ధతి ఒకటే. ప్లగ్ ఊడదీసి, మీటర్ పెట్టి, సెన్సర్‌ను గుప్పిట్లో మూసి పట్టుకోండి. ఓమ్‌లు నెమ్మదిగా, గెంతులు లేకుండా దిగుతూ రావాలి. అలా దిగితే సెన్సర్ బతికే ఉంది.

అది బాగుందని తేలితే కనెక్టర్ లోపలికి టార్చ్ వేసి చూడండి. నా అనుమానం ప్రధానంగా అక్కడే. పిన్నుల మీద పచ్చటి తుప్పు పట్టిందంటే అది అదనపు రెసిస్టెన్స్. తుప్పు వల్ల రెండు మూడు వేల ఓమ్‌లు పెరిగినా కంప్యూటర్‌కి తుప్పని తెలియదు, చలి అనుకుంటుంది. వైరు పూర్తిగా తెగితే అంకె అసాధ్యమైన చోటికి పోతుంది కాబట్టి కోడ్ పడుతుంది. ఇలా సగం పట్టు ఉన్నప్పుడు అంకె నమ్మదగ్గ పరిధిలోనే ఉంటుంది, స్కానర్ అంతా బాగుందంటుంది. పాత బండ్లలో కోడ్ లేదంటే లోపం లేదని కాదు.

బంపర్ ఎప్పుడైనా విప్పించారా? అది కూడా చెప్పండి.

కూలెంట్ చూడు:

పై సమాధానం కరెక్టే అనిపిస్తోంది, అయినా మిక్స్ డోర్ మోటారును అప్పుడే పక్కన పెట్టొద్దు. 18, 20, 22, 24 ఇలా ఒక్కొక్క మెట్టూ పెంచుతూ డ్యాష్‌బోర్డు మధ్య భాగానికి చెవి ఆనించి వినండి. మోటారు చిన్నగా మూలిగి ఆగిపోతే మంచిదే. టకటకమని కొట్టుకుంటే లోపల ప్లాస్టిక్ పళ్లు అరిగినట్టు. ఐదు వైర్ల మోటారు అయితే రెండు మోటారుకి, మూడు స్థానం చెప్పే భాగానికి. ఆ సిగ్నల్ వైరు మీద వోల్టేజ్ సుమారు 1 నుంచి 4 మధ్య సాఫీగా కదలాలి. మధ్యలో ఎక్కడైనా ఎగిరి పడితే లోపలి ట్రాక్ అరిగింది. డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపు ఆగండి, మీటర్ వైర్లు తగిలించాక వోల్టేజ్ కొలవడానికే మళ్లీ కలపండి. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి, వాటిని మీటర్‌తో తాకొద్దు.

హీటర్ వాల్వ్ (హీటర్‌లోకి వేడి కూలెంట్ వెళ్లకుండా మూసేది) ఉన్న బండి అయితే ఇంకో పరీక్ష. ఇంజన్ వేడెక్కాక 'లో'లో నడుపుతూ, ఫైర్‌వాల్‌లోకి (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడలోకి) వెళ్లే రెండు హీటర్ గొట్టాల మీద చెయ్యి జాగ్రత్తగా ఆనించి చూడండి. వాల్వ్ సరిగ్గా మూసుకుంటే ఒకటి వేడిగా, రెండోది అంతకంటే బాగా చల్లగా ఉంటుంది. గొట్టాన్ని క్లాంప్‌తో నొక్కి చూడమని కొందరు చెబుతారు. ఇన్నేళ్ల రబ్బరుని అలా నొక్కితే చీలిపోతుంది, వద్దు.

గ్యాస్ జాగ్రత్త:

ఒక్క మాట. ఎవరైనా "గ్యాస్ కొంచెం కొట్టి చూద్దాం" అంటే ఒప్పుకోకండి. మీ మోడల్ ఏడాదిని బట్టి అందులో ఆర్134ఎ అనే ఏసీ గ్యాస్ ఉంటుంది. అది బరువు తూచి నింపాల్సింది, ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. లీక్ మూసే సీలర్ డబ్బాలైతే అసలే వద్దు, తర్వాత సిస్టమ్ విప్పిన చోట అదే జిగురై కూర్చుంటుంది. గ్యాస్ తక్కువైతే కంప్రెసర్ క్లచ్ నిమిషానికి చాలాసార్లు పడుతూ లేస్తూ ఉంటుంది. మీరు చెప్పిన లక్షణాల్లో అది లేదు. ఏసీ నడుస్తుండగా లావు పైపు చల్లగా చెమటలు పట్టి, సన్న పైపు గోరువెచ్చగా ఉంటే గ్యాస్ గురించి టెన్షన్ పెట్టుకోవాల్సిన పనే లేదు.

పాతసెడాన్:

అందరికీ చాలా థ్యాంక్స్. బంపర్ కిందటేడు రంగు కోసం విప్పించాను. ఆలోచిస్తే ఏసీ గొడవ ఆ తర్వాతే మొదలైంది.

ఈ పొద్దున కంప్రెసర్ పడలేదు, బయటి అంకె చూస్తే 2! సెన్సర్ గ్రిల్ వెనక క్లిప్పులోంచి ఊడి, వైరుతోనే కిందికి వేలాడుతోంది. కనెక్టర్ నోరు పైకి తిరిగి ఉంది, అంటే పడిన నీళ్లన్నీ అందులోకే. ఊడదీసి సెన్సర్ ఒక్కదాన్నీ కొలిస్తే 1.8 కిలో ఓమ్‌లు, గుప్పిట్లో పట్టుకుంటే 1.3కి దిగింది. కనెక్టర్ పిన్నుల్లో ఒకటి మామూలుగా ఉంది, రెండోది పచ్చగా పొడి పొడిగా రాలుతోంది. దాన్ని స్ప్రేతో కడిగి మళ్లీ పెట్టాను, కానీ డిస్‌ప్లే ఇంకా 2 మీదే ఉంది. సెన్సర్ కొత్తది కొనాలా?

గొట్టాలు, మోటారు చప్పుడు కూడా చూశాను, రెండూ మీరు చెప్పినట్టు సరిగ్గానే ఉన్నాయి.

వైరింగ్‌పని:

సెన్సర్ కొనకండి, మీ కొలతల ప్రకారం అది బాగుంది. అంకె వెంటనే పెరగకపోవడం మామూలే. ఆగి ఉన్న బండిలో ఇంజన్ వేడి సెన్సర్‌కి తగులుతుంది కాబట్టి, పైకి వెళ్లే అంకెను చాలా కార్లు కావాలనే ఆలస్యంగా ఒప్పుకుంటాయి. బండి కాసేపు మంచి స్పీడులో నడిస్తే అంకె ఎక్కుతుంది.

కానీ రాలుతున్న పిన్ను కడిగితే సరిపోదు, మళ్లీ పడుతుంది. ఆ కనెక్టర్ కోసేసి కొత్తది సోల్డర్ చేయండి. కోసినప్పుడు లోపలి రాగి తీగ రంగు చూడండి. నల్లగా ఉంటే తుప్పు వైరు లోపలికి పాకినట్టు, మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోస్తూ పోవాలి. అతుకు మీద లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే గొట్టం) వేయండి, మామూలు టేపు ఆ చోట నిలవదు. బిగించేటప్పుడు కనెక్టర్ నోరు కిందికి ఉండాలి, వైరు దాని కంటే కిందికి కాస్త వంపు తిరిగి పైకి వెళ్లాలి. అప్పుడు నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

మీది టొయోటా లేదా లెక్సస్ అయితే చివరగా ఒక పని. 'ఆటో', గాలి లోపలే తిరిగే బటన్ రెండూ నొక్కి పట్టి తాళం ఆన్ చేయండి. లైట్లు మెరిసి, ఏసీ తన సొంత కోడ్‌లు చూపిస్తుంది. మామూలు స్కానర్‌లో ఇవి రావు. 21 కనబడితే కంగారు పడొద్దు, అది ఎండ సెన్సర్ కోడ్, షెడ్డులోనో చీకట్లోనో చూస్తే బాగున్న బండిలో కూడా వస్తుంది. ఎండలో నిలిపి మళ్లీ చూడండి.

పనిలో పనిగా లోపలి సెన్సర్ కూడా చూసేయండి. డ్యాష్‌బోర్డు మీద చిన్న జల్లెడలా ఉంటుంది. బ్లోవర్ నడుస్తుండగా టిష్యూ ముక్క దానికి ఆనిస్తే అతుక్కోవాలి. రాలిపోతే వెనకున్న సన్న గాలి గొట్టం ఊడి ఉంటుంది, చేత్తో మళ్లీ ఎక్కించవచ్చు.